"అతుకుల బొంత" తిట్టెలా అయింది?

పైన అడిగిన ప్రశ్న బాగుంది. సంకీర్ణ ప్రభుత్వాన్ని పత్రికలు "అతుకుల బొంత" అంటాయి, ఏ పూట ఊడిపోతుందో తెలీదన్న అర్థంలో. మరి బొంత నిజంగా అంత తేలిగ్గా ఊడిపోతుందా?

ఊడదండీ. బొంత కుట్టడం దగ్గరుండి చూసినవాళ్లు ఈ మాటని ఆ అర్థంలో వాడరనే నా అనుమానం. అతుకులు కనిపించేది పైపొరలోనే, వాటి కింద పాత చీరలో పంచెలో రెండు మూడు మడతలుగా పరిచి ఉంటాయి, ఆ పొరలన్నిటినీ కలిపి సూది కిందికీ పైకీ పోతూ దగ్గర దగ్గర వరసల్లో ఈ చివర నుంచి ఆ చివరదాకా వెళ్తుంది. ఒకచోట దారం తెగినా పక్క వరస పట్టుకుని ఉంటుంది. మందం పెరిగితే మామూలు సూది లొంగదు, దబ్బనం తీయాల్సిందే.

తేడా వచ్చేది ఎక్కడంటే, పాతదానికి కొత్త గుడ్డ వేసినప్పుడు. ఉతికితే కొత్త నూలుబట్ట ముడుచుకుపోతుంది, పక్కనున్న నలిగిన బట్టని లాగి చింపేస్తుంది. బైబిల్లో మత్తయి 9:16 చెప్పేది ఇదే, తెలుగు అనువాదంలో "మాసిక" అనే చక్కటి మాట వాడారు. ఇప్పుడు అందరం "ప్యాచ్" అంటున్నాం, మాసికని దాదాపు వదిలేశాం.

సంస్కృతంలో బొంతని కంథ అంటారు. "కంథ, బొంత ఒకటేనా" అని అడిగేవారికి: వస్తువు ఒకటే, మాటలు వేరు. కంథలోని క తెలుగులో బ అయ్యే దారి లేదు, కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోటి పుట్టిందనకండి. భజగోవిందంలో "రథ్యా చర్పట విరచిత కంథః" అని ఉంది కదా, వీధిలో దొరికిన పేలికలతో కుట్టిన బొంత కప్పుకున్నవాడు అని. కంథా స్త్రీలింగమైతే "కంథః" ఏమిటని కొందరికి డౌటు. అది బహువ్రీహి సమాసం, చెప్పేది బొంత గురించి కాదు, దాన్ని కప్పుకున్న యోగి గురించి. బెంగాల్లో ఆ మాటే కాంథా అయింది. అక్కడ పాత చీరల అంచుల్లోంచి లాగిన రంగు దారాలతోనే కుట్టేవాళ్లు.

ఆ శ్లోకంలో బొంత నామోషీ కాదని గమనించండి. బౌద్ధుల దగ్గర సంగతి ఇంకా ముందుకెళ్లింది. మగధలో గట్లు వేసిన పొలాలు చూపించి అలాంటి చీవరం (భిక్షువులు కట్టుకునే బట్ట) చేయగలవా అని బుద్ధుడు తన శిష్యుడు ఆనందుణ్ణి అడిగాడని భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకం చెబుతుంది. అప్పట్నుంచి బట్ట కొత్తదైనా సరే, ముక్కలు కోసి మళ్లీ కలిపి కుట్టడం నియమం. కోసిన గుడ్డ మీద దొంగకీ ఆశ ఉండదు మరి!

లేమిలో పుట్టిన పనే, కాదనను. కానీ అందులో చూపు కూడా ఉంది. ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కవంది అనే బొంతని అంచుల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు, చివర నాలుగు మూలలా "ఫూల" అనే చిన్న ముక్కలు కుట్టకపోతే అది పూర్తయినట్టు లెక్క కాదు. అమెరికాలో అలబామాలోని జీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు అరిగిన పనిబట్టలతో కుట్టుకున్న బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియం గోడలెక్కాయి. ఆ తర్వాతే విమర్శకులు వాటిని పెద్ద ఎత్తున కళగా గుర్తించారు.

మనమేమో "గంతకు తగ్గ బొంత" అని వెక్కిరింపులోకి దించాం.

రేపోమాపో ఊడే ప్రభుత్వం అనాలనుంటే టైలర్ల దగ్గర సరైన మాటే ఉంది: కచ్చా కుట్టు. అసలు కుట్టు పడేదాకా గుడ్డని ఆపడానికి వేసేది, తర్వాత లాగి పారేసేది. "కచ్చా కుట్టు సర్కారు" అని హెడ్డింగ్ పెట్టమనండి.