పులిపిర్లకు లైట్ థెరపీ: పనికొస్తుందా, దండగా?

సైదులు_ఎల్బీనగర్: అరికాలిలో పులిపిర్లు లేచాయి. ఆనెకాయలనుకుని మెడికల్ షాపులో కార్న్ క్యాప్ కొని అంటించాను, ఇంకా పెరిగాయి. స్కిన్ క్లినిక్‌లో చూపిస్తే మందు పూసి ఎర్ర లైటు కింద పెడతాం అన్నారు. ప్యాకేజీ అట, డబ్బంతా ముందే కట్టాలట. నాది చీరల షాపులో పని, పొద్దస్తమానం నిలబడాలి. ఎవరైనా చేయించుకున్నారా?

మూర్తి_మలక్‌పేట: వద్దు నాయనా. పులిపిరికి కారణం హెచ్‌పీవీ అనే వైరస్. చాలామందికి రెండేళ్లలో దానంతటదే పోతుంది. తొందరైతే శాలిసిలిక్ ఆసిడ్ పూసుకో, చవక. అయినా లోపల వేరు ఉండగా పైన లైటు వేస్తే ఏమొస్తుంది?

బాలు99: హోమియోలో థూజా వాడు బ్రో.

కవిత_ఉప్పల్: మా బాబుకూ థూజానే ఇచ్చారు. పోలేదు.

వాణి_నిజాంపేట: నేను చేయించుకున్నాను, బుగ్గ మీద చిన్న చిన్నవి. అంతకుముందు ఒకచోట కాటరీతో కాల్చితే నల్ల మచ్చలు పడ్డాయి. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు నాకంటే ముందు ఆ మచ్చలే చూశారు. లైటుతో మచ్చ పడలేదు, మంట మాత్రం బాగానే ఉంది. మూర్తి గారూ, 2011లో బ్రిటన్, ఐర్లాండ్‌లలో అరికాలి పులిపిర్ల మీద చేసిన పరీక్షలో మీ ఆసిడ్‌తో 12 వారాలకు పూర్తిగా నయమైంది 14 శాతం మందికే.

మూర్తి_మలక్‌పేట: 14 శాతమైనా సరే, దాని ఖర్చెంత, దీని ఖర్చెంత? నేనడిగిన వేరు సంగతి మీరు చెప్పలేదు. పైపొర గీకితే నల్ల చుక్కలు కనిపిస్తాయి, అవే వేర్లు. మా ఊళ్లో గుర్రపు వెంట్రుక బిగించి కట్టి వేరుతో సహా ఊడగొట్టేవాళ్లు.

డెర్మా_పీజీ: సార్, పులిపిరికి వేరుండదు. అది చర్మం పైపొరలోనే పెరుగుతుంది. ఆ నల్ల చుక్కలు సన్నటి రక్తనాళాల్లో గడ్డకట్టిన రక్తం. వెంట్రుక కడితే ఊడేది కాడలా వేలాడేది, అరికాలిలో లోపలికి అణిగినదాన్ని దేనికి కడతారు?
సైదులు గారూ, ఆ క్లినిక్ వాళ్లు చెప్పింది ఫోటోడైనమిక్ థెరపీ అయ్యుంటుంది. అమైనోలెవులినిక్ ఆసిడ్ అనే మందు పూసి కొన్ని గంటలు కప్పి ఉంచుతారు. జబ్బు కణాల్లో అది వెలుతురుకు స్పందించే పదార్థంగా మారుతుంది. సుమారు 630 నానోమీటర్ల ఎర్ర కాంతి పడగానే ఆ కణాలు చస్తాయి. అరికాలి చర్మం మందం కాబట్టి ముందు బ్లేడుతో చెక్కాలి, లేకపోతే మందూ దిగదు, కాంతీ దిగదు. తర్వాత ఒకటి రెండు రోజులు ఆ భాగానికి ఎండ తగలకూడదు. మామూలుగా దీన్ని మిగతావాటికి లొంగని మొండి పులిపిర్లకు వాడతారు, మొదటి వైద్యంగా కాదు. పిల్లలకు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాను పులిపిరిలోకే ఎక్కించి ఒంట్లో రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే పద్ధతి కూడా ఉంది, అదీ అడగండి. షుగర్ ఉంటే మాత్రం సొంతంగా ఆసిడ్ పూయొద్దు.

మూర్తి_మలక్‌పేట: నల్ల చుక్కలు నా కళ్లతో నేను చూశాను బాబూ.

కవిత_ఉప్పల్: మళ్లీ ఆ వేరు సంగతేనా 🙏

వాణి_నిజాంపేట: కాంతి వైద్యం మొన్న పుట్టింది కాదండీ. చర్మక్షయకు (చర్మానికి వచ్చే టీబీ) కాంతితో వైద్యం చేసినందుకే డెన్మార్క్ డాక్టర్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ ఇచ్చారు.

మూర్తి_మలక్‌పేట: అడిగింది పులిపిరి గురించి, మీరు చర్మక్షయ దగ్గరికి వెళ్లారు. ఇంతలా వెనకేసుకొస్తున్నారు, మీరు ఏ క్లినిక్ మనిషి?

వాణి_నిజాంపేట: నోరు జాగ్రత్త. ఇంట్లో కూర్చుని పింఛను తీసుకునేవాళ్లకు రెండేళ్లు ఆగమనడం సులువే. మొహం మీద లేచింది మీకు కాదుగా!

అడ్మిన్: వ్యక్తిగత మాటలు వద్దు. క్లినిక్ పేర్లు కూడా పెట్టొద్దు.

మూర్తి_మలక్‌పేట: నాకు పింఛను లేదమ్మా, ప్రైవేటు ఉద్యోగం చేసి దిగాను. మా మనవరాలి చేతి మీద లేస్తే ఇలాంటి ప్యాకేజీకే మొత్తం ముందే కట్టాను. సగంలో ఉండగా బోర్డు పీకేసి వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే ఎత్తరు. పాపకు ఆ తర్వాత ఏ మందూ లేకుండానే పోయాయి. ఇతను షాపులో నిలబడి సంపాదించిన డబ్బు కూడా అలాగే పోవాలా?

వాణి_నిజాంపేట: అది మొదటే చెప్పొచ్చుగా! నేను ఏ సిట్టింగ్‌కు ఆ సిట్టింగ్ కట్టాను. ప్యాకేజీ కట్టమని నేనెక్కడా అనలేదు.

మూర్తి_మలక్‌పేట: ఒక్కోసారికి తీసుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారు? కుర్చీలో కూర్చోకముందే కార్డు గీకమంటారు.

సైదులు_ఎల్బీనగర్: పెద్దాయన చెప్పింది నిజమే, నన్నూ అలాగే గీకమన్నారు. కానీ రెండేళ్లు ఆగమంటే నా వల్ల కాదు. నడిస్తే మేకు గుచ్చినట్టుంది. కూర్చుంటే ఓనరు ఊరుకోడు, కస్టమర్ ముందు కుంటితే అదీ తప్పే. డాక్టర్ గారూ, చెక్కిన మర్నాడు నిలబడగలనా? లీవు పెడితే ఆ రోజు జీతం పోతుంది.

డెర్మా_పీజీ: చెక్కడం పైపైనే కాబట్టి చెక్కినంత మాత్రానికే పెద్దగా ఇబ్బంది ఉండదు. లైటు పెట్టాక మాత్రం మంట, వాపు కొన్ని రోజులు ఉండొచ్చు. మీ వీక్లీ ఆఫ్‌కు ముందు రోజు సాయంత్రం పెట్టించుకోండి. అంతకంటే ముందు ఏదైనా ప్రభుత్వాసుపత్రి స్కిన్ ఓపీలో చూపించండి, అక్కడ ప్యాకేజీలుండవు.

సైదులు_ఎల్బీనగర్: ఓపీ పొద్దున పూటేగా సార్. షాపు పదింటికి తెరుస్తారు.

మూర్తి_మలక్‌పేట: ఉస్మానియాకైతే నేను తెల్లారే వెళ్లి చీటీ లైన్లో నిలబడతాను, నువ్వు నేరుగా వచ్చేయ్. నంబరు మెసేజ్‌లో పెట్టు.