కంటి కుట్ల ఫోర్సెప్స్ సొంతంగా చేస్తున్నా, మెల్లగా పడితే దారం నిలుస్తోంది, గట్టిగా నొక్కితే జారిపోతోంది. ఎందుకు?

పెన్నాఒడ్డు (నెల్లూరు):

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. నాయన చిన్నబజారులో నలభై ఏళ్ళుగా బంగారు పని చేస్తున్నాడు. నేను డిప్లొమా మెకానికల్ చేసి నాలుగేళ్ళు శ్రీసిటీ వైపు ఒక టూల్‌రూంలో ఉండి, పోయినేడు ఇంటికొచ్చేశాను. మా వీధి చివర ఉండే కంటి డాక్టర్ గారు ఒకరోజు కుట్లు ముడివేసే ఫోర్సెప్స్ (సన్న పట్టకారు) పట్టుకొచ్చారు, కిందపడి మొన వంగింది, మీది సన్నపని కదా సరిచేస్తారా అని. నాయన కంటికి లెన్సు పెట్టుకుని, మొన కాస్త వేడిచేసి సర్ది ఇచ్చాడు. తర్వాత ఆయన ఇంకో రెండు తెచ్చారు. అప్పటినుంచి నాకు ఇదే ధ్యాస. మా అమ్మమ్మకి రెండు కళ్ళూ ఆపరేషన్ అయ్యాకే నా మొహం సరిగ్గా చూసింది, అందుకని ఈ పనంటే నాకు వేరే పనుల్లా ఉండదు.

ఇప్పటికి మూడు ఫోర్సెప్స్ చేశాను, 420 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో. రెక్కలు గ్రైండింగ్ చేసి, వెనక రెండూ కలిపే చోట నాయన వెండి టంకంతో అతికాడు. పాలిష్ అద్దంలా వచ్చింది. కానీ మేక కన్ను మీద డాక్టర్ గారు వాడి చూసి చెప్పినవి ఇవి: మెల్లగా పడితే 10-0 నైలాన్ దారం నిలుస్తోంది, బిగించేటప్పుడు గట్టిగా నొక్కితే జారిపోతోంది. ఒక్కోసారి దారం తెగుతోంది. కుట్టు సూది ఫోర్సెప్స్‌కి అతుక్కుని వదలడంలేదు. ఐదారుసార్లు ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) పెట్టేసరికి టంకం దగ్గర, మొన దగ్గర గోధుమరంగు మచ్చలొచ్చాయి. అన్నిటికంటే, పది నిమిషాలు పట్టుకుంటే చెయ్యి లాగుతోందన్నారు.

గట్టిగా నొక్కితే ఇంకా బాగా పట్టాలి కదా, ఎందుకు జారుతోంది? ఇంకోటి, రెటీనా మీద పొర తీసే సన్న ఫోర్సెప్స్ కూడా చూపించారు, 25 గేజ్ (ఈ అంకె పెరిగేకొద్దీ సాధనం సన్నబడుతుంది). అది చేయడం నాలాంటివాడికి సాధ్యమేనా?

కనుపాప (ఒంగోలు, కంటి సర్జన్):

ముందు మీకూ మీ నాన్నగారికీ నమస్కారం. వాడేవాళ్ళ వైపునుంచి చెప్తాను, తయారీ సంగతి ఇక్కడ వేరే వాళ్ళు చెప్తారు.

మీరు ఏ కొలతల మధ్య పనిచేస్తున్నారో ముందు మనసులో పెట్టుకోండి. 10-0 దారం మందం 20 నుంచి 29 మైక్రాన్లు (మైక్రాన్ మిల్లీమీటరులో వెయ్యోవంతు), అంటే తలవెంట్రుకలో సగం కూడా లేదు. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం నడిమధ్యన అరమిల్లీమీటరు కొంచెం పైన. శుక్లం తీసేశాక పెట్టే లెన్సు ఆనుకుని ఉండే వెనక పొర నాలుగు మైక్రాన్లే. మన చెయ్యి ఎంత అలవాటున్నదైనా సెకనుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది, ఆ వణుకు సాధనం మొన దగ్గర మిల్లీమీటరులో పదోవంతు దాకా పోతుంది. చెయ్యి అలిసేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి చెయ్యి లాగుతోందన్న మాట చివర్లో రాశారు గానీ నా దృష్టిలో అదే మొదటిది. ఫోర్సెప్స్ మూయడానికి బలం పెట్టాల్సి వస్తే సర్జన్ ధ్యాస కన్ను మీదనుంచి తన వేళ్ళ మీదకి వచ్చేస్తుంది.

పాలిష్ గురించి. బంగారానికి మెరుపు ప్రాణం, ఇక్కడ మాత్రం అది మాకు శత్రువు. మైక్రోస్కోప్ లైటు నేరుగా సాధనం మీద పడుతుంది, అద్దంలా ఉంటే తళుక్కుమని దారం కనపడదు. బయటివైపు మసకగా, నీటి ఆవిరి పట్టిన గాజులా ఉంచండి. దారం పట్టే లోపలి భాగం, కడిగే సందులు మాత్రం నునుపుగా ఉండాలి. పొడవు పదకొండు సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో ఆనుతుంది. మరీ పొడుగైతే పైన మైక్రోస్కోప్‌కి తగులుతుంది.

రెటీనా ఫోర్సెప్స్ గురించి నిజం చెప్తాను, నొచ్చుకోకండి. 1970ల మొదట్లో మయామీలో రాబర్ట్ మాకెమర్ కన్నుని మూసే ఉంచి లోపలి విట్రియస్ (కంటిలోని జెల్లీ లాంటి పదార్థం) తీసే ఆపరేషన్ మొదలుపెట్టినప్పుడు ఆ సాధనం 17 గేజ్. తర్వాత చాలాకాలం 20 గేజ్ నడిచింది, 2002 నుంచి 25, ఆ వెనకే 23, 2010కి 27 వచ్చాయి. సన్నబడేకొద్దీ కుట్లు అక్కర్లేకుండా రంధ్రం తనంతట తనే మూసుకుంటుంది, రోగికి అది పెద్ద మేలు. కానీ కడ్డీ వంగకుండా నిలిచే శక్తి వ్యాసం నాలుగో ఘాతంతో పడిపోతుంది. 20 గేజ్ అంటే 0.9 మిల్లీమీటర్లు, 25 గేజ్ అంటే 0.5. లెక్క వేసుకోండి, గట్టిదనం పదోవంతు కూడా మిగలదు. మొదట్లో వచ్చిన 25 గేజ్ సాధనాలతో కన్ను తిప్పబోతే కన్ను కదలక సాధనమే వంగేది. అలాంటి గొట్టం లోపల ఇంకో కడ్డీ జారుతూ, చివర రెండు మైక్రాన్ల పొరని పట్టే దవడలు ఉండాలి. అక్కడ మా చేతికి స్పర్శ కూడా దాదాపు తెలియదు, అంతా కంటిచూపు మీదే నడుస్తుంది. 2016లో ఆక్స్‌ఫర్డ్‌లో రోబో చేయి సాయంతో కంటిలోపల పొర తీసింది కూడా ఈ వణుకుని దాటడానికే. మీరు చేయలేరని అనను. ముందు ముడివేసే ఫోర్సెప్స్ వందసార్లు ఒకేలా వచ్చేట్టు చేయండి, తర్వాత అటు చూద్దురు.

కావలి_టూల్‌రూం (అంబత్తూరు, చెన్నై):

తమ్ముడూ, మాది కావలి, ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ అచ్చులు, సన్న సాధనాలు చేస్తున్నా. నీ జారుడు సంగతికి వస్తా.

రెక్కల మొనలు తాకేదాకా నువ్వు నొక్కే బలం మొనకి పోతుంది. తాకాక కూడా నొక్కితే ఏమవుతుంది? మొనలు ఆగిపోయాయి కాబట్టి వేళ్ళ కింద ఉన్న నడుము లోపలికి వంగుతుంది, ఆ వంపుకి ముందు అంచు బయటికి తెరుచుకుంటుంది. అదే నీ దారం జారడం. ఇప్పుడే చూసుకోవచ్చు: దారం పట్టే చదునుకి ఒకవైపు ప్రష్యన్ బ్లూ (తాకిన చోట అచ్చు పడే నీలం రంగు) సన్నగా రాయి, మెల్లగా మూసి తెరిచి రెండోవైపు అచ్చు చూడు, తుడిచి మళ్ళీ రాసి గట్టిగా నొక్కి చూడు. రెండోసారి నీలం చదును వెనకవైపే అంటితే నేను చెప్పిందే జబ్బు.

మందు ఏందంటే, మొన అంచు వెంట్రుకవాసి ముందు తాకాలి, కొంచెం నొక్కగానే చదును మొత్తం కూర్చోవాలి, అక్కడితో రెక్కలు ఆగిపోవాలి. ఆగడానికి నడుము దగ్గర ఒక రెక్కకి చిన్న మేకు పెడతారు, రెండో రెక్క దానికి ఆనగానే ఇంక ఎంత నొక్కినా బలం మొనకి పోదు. ఆ మేకు ఎత్తు తేల్చడమే అసలు పని, కొంచెం కొంచెంగా ఆకురాయితో దించుకుంటూ ప్రతిసారీ నీలం పెట్టి చూడాలి.

చెయ్యి లాగడానికి కారణం మందం. రెక్క అంటే ఒక చివర బిగించిన బద్ద, దాన్ని వంచే బలం మందం మూడో ఘాతంతో పెరుగుతుంది. మందంలో ఐదోవంతు తగ్గించు, బలం దాదాపు సగానికి పడిపోతుంది. రెక్క మొత్తం పల్చన చేయొద్దు, వెనక అతుకు దగ్గర వంగే చోట మాత్రమే తగ్గించు, ముందుభాగం బిగువుగా ఉండనీ.

దారం తెగేది చదును అంచువల్ల. గ్రైండింగ్ అయ్యాక అంచున కంటికి కనపడని రజను లేచి ఉంటుంది, అది కత్తే. మైక్రోస్కోప్ కింద పెట్టుకుని అంచు గుండ్రం చెయ్యి, తర్వాత దూదిపింజ అంచుల మీద లాగి చూడు, పోగు చిక్కిందంటే ఇంకా రజను ఉన్నట్టే. సూది అతుక్కోవడం అయస్కాంతం. సర్ఫేస్ గ్రైండర్ మ్యాగ్నెటిక్ చక్ (ముక్కని అయస్కాంతంతో పట్టుకునే బల్ల) మీద పెట్టావు కదూ? అయస్కాంత గుణం తీసేసే డీమ్యాగ్నెటైజర్ మీద నిదానంగా దాటించు. టైటానియంతో ఈ గొడవ ఉండదు, తూకం కూడా స్టీలులో సగం పైచిలుకే. ఇరవై ముప్పై వోల్టుల దగ్గర అనోడైజ్ చేస్తే (ద్రావణంలో కరెంటు పెట్టి పైపొర పుట్టిస్తే) నీలం రంగొస్తుంది, డాక్టరమ్మ చెప్పిన తళుకు తగ్గుతుంది. కానీ టైటానియం వంచితే వెనక్కి లేస్తుంది, ఆకురాయికి అంటుకుంటుంది, ముందు స్టీలుతో చెయ్యి కుదరనీ.

ఇంక మచ్చలు. నాయన గారి మీద గౌరవంతోనే చెప్తున్నా, మొన వేడిచేసి సరిచేయడం ఆపించు. 420 స్టీలు పదును (గట్టిదనం) వేడితో పెట్టిందే, మంట తగిలితే అక్కడ పదును దిగిపోతుంది, తుప్పుని ఆపే గుణం కూడా పోతుంది. వంగిన మొనని చల్లగానే, చిన్న ఇత్తడి దిమ్మల మధ్య నెమ్మదిగా సర్దాలి. వెండి టంకం, వెలిగారం కూడా వద్దు, అతుకుకి లేజర్ వెల్డింగ్ చేయించు. ఇంకోటి, మామూలు ఇనుము మీద వాడిన ఆకురాయి స్టెయిన్‌లెస్ మీద పెట్టావంటే ఆ ఇనుపరజను దీంట్లో దిగి అక్కడే తుప్పు మొదలవుతుంది. విడి ఆకురాళ్ళు పెట్టుకో. అన్నీ అయ్యాక సిట్రిక్ యాసిడ్‌తో పాసివేషన్ (పైనున్న ఇనుపరజను తీసి తుప్పు ఆపే శుద్ధి) చేయించు.

ఓటీ_సిస్టర్ (కందుకూరు):

టూల్‌రూం అన్న చెప్పిన మేకు గురించి నాకొక భయం ఉంది, చెప్పకపోతే మనసొప్పదు. నేను పదిహేనేళ్ళుగా కంటి ఆపరేషన్ థియేటర్లో సామాన్లు కడిగి, సర్ది, అందిస్తున్నాను. డాక్టర్ చేతిలో ఒక ఫోర్సెప్స్ పది నిమిషాలు ఉంటే నా చేతిలో అరగంట ఉంటుంది. మేకు గుచ్చిన రంధ్రం చుట్టూ సన్న సందు మిగిలితే, కన్ను లోపల వాడే జిగురుమందు అందులోకి పోయి ఎండిపోతుంది, బ్రష్ దూరదు. ఆ మురికీ సబ్బూ ఆటోక్లేవ్‌లో చావవు, పోవు. అలాంటి అవశేషాలు కన్ను లోపలికి చేరితే మరుసటి రోజుకే కన్ను ముందుభాగం వాచి చూపు మసకబారుతుంది, సూక్ష్మజీవి ఏమీ లేకుండానే. అందుకని మేకు విడిగా గుచ్చకుండా రెక్కలోంచే చెక్కి తీయగలరేమో చూడండి, లేదంటే చుట్టూ సందు లేకుండా వెల్డింగ్ నింపాలి.

మచ్చల్లో సగం తప్పు కడగడంలో కూడా ఉండొచ్చు. మన వైపు బోరునీళ్ళు ఉప్పు. సెలైన్ తగిలిన స్టీలుని అట్నే వదిలేసినా, చివర కడుగుడు బోరునీళ్ళతో చేసినా 134 డిగ్రీల ఆవిరిలో ఆ ఉప్పు స్టీలుని తినేస్తుంది. ఆఖరి కడుగుడు డిస్టిల్డ్ వాటర్‌తోనే ఉండాలి. డాక్టర్ గారి దగ్గర ఎవరు కడుగుతున్నారో, దేనితో కడుగుతున్నారో ఒకసారి వెళ్ళి పక్కన నిలబడి చూడండి.

పేరు, నంబరు లోతుగా చెక్కకండి. మొనకి మెత్తటి సిలికాన్ టోపీ ఇవ్వండి, కిందపడితే ఎప్పుడూ మొనే ముందు పడుతుంది.

పెన్నాఒడ్డు (నెల్లూరు):

ముగ్గురికీ చేతులెత్తి దండం. పన్నెండు రోజులు పట్టింది, ఇప్పుడు రాస్తున్నా.

నీలం పరీక్ష అన్న చెప్పినట్టే వచ్చింది, గట్టిగా నొక్కితే వెనక మూడోవంతే అంటింది. చక్ సంగతీ నిజమే, మూడింటికీ గుండుసూది అంటుకుంది. కొత్తది మొదలుపెట్టి, మేకుని రెక్కలోంచే చెక్కాను, విడిగా గుచ్చలేదు. దాని మొదట్లో మూల గుండ్రంగా తీశాను, బ్రష్ తిరుగుతోంది. వంగే చోట మందం 0.9 నుంచి 0.7 మిల్లీమీటర్లకి దించాను. అతుకు చెన్నైలో లేజర్ వెల్డింగ్. వేడి సంగతి చెబితే నాయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత తనే రెండు ఇత్తడి దిమ్మలు చెక్కి ఇచ్చాడు. చదును అంచులు గుండ్రం చేసింది కూడా ఆయనే, నాకంటే ఆయన చెయ్యే సన్నం.

ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు దగ్గర నాలుగు మేక కళ్ళు తెచ్చాం, కార్నియా మసకబారక ముందే. డాక్టర్ గారు పన్నెండు కుట్లు వేశారు. దారం జారలేదు. ఒకటి మాత్రం తెగింది, ఎడమ చేత్తో పట్టినప్పుడు. మైక్రోస్కోప్ కింద చూస్తే ఎడమ రెక్క చదును బయటి మూలలో చిన్న రజను మిగిలి ఉంది. థియేటర్లో కడిగే అమ్మాయి పక్కన కూడా నిలబడి చూశాను, సిస్టర్ అన్నట్టే చివర బోరునీళ్ళే.

డాక్టర్ గారు బాగుంది అంటున్నారు, ఇది మనుషుల మీద వాడటానికి ఏం కావాలి?

కావలి_టూల్‌రూం (అంబత్తూరు, చెన్నై):

చాలా సంతోషం తమ్ముడూ. మనుషుల మీద మాత్రం ఇప్పుడే వద్దు, డాక్టర్ గారు అడిగినా ఇవ్వొద్దు. మెడికల్ డివైసెస్ రూల్స్ 2017 కింద నీ సాధనం ఏ తరగతో చూసి లైసెన్సో, రిజిస్ట్రేషనో తీసుకోవాలి. ఏ, బీ (ప్రమాదం తక్కువున్న) తరగతుల సాధనాలకి లైసెన్సు మన రాష్ట్ర అధికారుల దగ్గరే, 2022 అక్టోబర్ నుంచి తప్పనిసరి, కానీ స్టెరైల్ చేయకుండా అమ్మే, కొలతలు తీయని ఏ తరగతివాటికి రిజిస్ట్రేషన్ చాలు. లైసెన్సుకి ఐఎస్ఓ 13485 (వైద్య సాధనాల నాణ్యతా ప్రమాణం) పద్ధతిలో రికార్డులు అడుగుతారు, ఏ కడ్డీ ఎక్కడ కొన్నావు, ఏ రోజు ఏ కొలత వచ్చింది, అన్నీ. పరీక్షలకి విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో అడుగు. ఈరోజునుంచే ఒక పుస్తకం పెట్టి రాయడం మొదలుపెట్టు, తెగిన ఆ ఒక్క కుట్టు కూడా రాయి.

కనుపాప (ఒంగోలు, కంటి సర్జన్):

తర్వాతది తెచ్చేటప్పుడు రెండు తీసుకురండి, ఒకటి నేను కుడిచేత్తో, ఒకటి ఎడమచేత్తో వాడి చూస్తాను. మా దగ్గర శనివారం మధ్యాహ్నం పీజీ పిల్లలు మేక కళ్ళ మీద సాధన చేస్తారు. చెయ్యి కుదరనివాళ్ళ చేతిలో మీ ఫోర్సెప్స్ ఎట్టా ఉంటుందో కూడా చూడాలి. నాన్నగారిని కూడా తీసుకురండి.