మాక్సిబశ్చన్‌ను ‘వాత’ అనవచ్చా?

అనువాదకురాలు:
పేగుపూత (పేగులు వాచి పుండ్లు పడే దీర్ఘకాలపు జబ్బు) రోగుల కోసం ఒక కరపత్రం తెలుగులోకి తెస్తున్నాం. అందులో మాక్సిబశ్చన్ గురించి, అంటే ఒక మూలిక ఆకును కాల్చి ఒంటికి వేడి తగిలించే చైనా చికిత్స గురించి, ఒక పేరా ఉంది. చిత్తుప్రతిలో ‘పొట్ట మీద వాతలు పెట్టే చైనా వైద్యం’ అని రాశారు. ఈ మాట ఉంచవచ్చా? లేకపోతే ఏం రాయాలి?

ఆక్యుపంక్చర్ వైద్యురాలు:
దయచేసి తీసేయండి. వాత అంటే ఒళ్లు కాలాలి, మచ్చ మిగలాలి. పసిపిల్లల కడుపు మీద కాల్చిన సూదితో పెట్టే వాతలు మనకు తెలియనివి కావు. ఆ మాట చదివి ఎవరైనా ఇంట్లో అదే పని చేస్తే ఎంత ప్రమాదం! చైనాలో పూర్వం చర్మం మీదే మూలికను కాల్చి, పుండు పడి చీము పట్టేదాకా ఉంచే పద్ధతి ఒకటుంది. వాత అనే మాట దానికైతే అతుకుతుంది. పేగుపూత మీద పరిశోధనల్లో వాడేది అది కాదు.

ఇప్పుడు వాడే పద్ధతులు ముఖ్యంగా రెండు, వాటికి మన మాటలూ రెండున్నాయి. మొదటిది సెగ. ఎండిన ఆకును దంచి, ఈనెలు జల్లించి తీసేసి, మిగిలిన దూదిలాంటి నూగును కాగితంలో గట్టిగా చుడతారు. ఈ కడ్డీ సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, బొటనవేలంత లావు ఉంటుంది. దాని కొస ముట్టించి చర్మానికి 2–3 సెంటీమీటర్ల ఎత్తున 10–15 నిమిషాలు పట్టుకుంటారు. చర్మం ఎర్రబడితే చాలు, పొక్కకూడదు. బూడిద రాలకముందే దులపాలి. రోగికి స్పర్శ మందంగా ఉంటే వైద్యుడు తన రెండు వేళ్లను ఆ చోటుకు అటూ ఇటూ ఆనించి వేడిని తనే చూసుకోవాలి.

రెండోది కాపడం. మూలికల పొడిని ముద్ద చేసి, దాదాపు 3 సెంటీమీటర్ల వెడల్పు, అర సెంటీమీటరు మందాన బిళ్ల తడతారు. దాన్ని పొట్ట మీద పెట్టి, పైన ఆకు నూగుతో చేసిన చిన్న శంకువును కాలుస్తారు. నిప్పుకీ చర్మానికీ మధ్య బిళ్ల ఉంటుంది. పెట్టే చోట్లలో తియన్‌షు ముఖ్యమైనది. రోగి బొటనవేలి కణుపు వెడల్పు కొలతగా తీసుకుంటే, బొడ్డుకు ఇరుపక్కలా రెండు కొలతల దూరం. బొడ్డుకు ఒకటిన్నర కొలతల కింద చిహై, నాలుగు కొలతల పైన చోంగ్‌వాన్.

తెలుగు అధ్యాపకుడు:
ఆకు పేరు కూడా తెలుగులోనే రాయవచ్చు. అది మన మాచిపత్రికి దగ్గరి చుట్టం. వినాయకచవితి ఏకవింశతి పత్రపూజలో ‘సుముఖాయ నమః’ అంటూ మొదట వేసేది మాచిపత్రే కదా. దవనమూ ఆ కుదురుదే. అయితే చైనావారు వాడే జాతి వేరు, కాబట్టి ‘మాచిపత్రి జాతి ఆకు’ అనడం సరి. మాక్సిబశ్చన్‌లోని ‘మాక్సా’ చైనా మాట కాదు, జపనీయుల ‘మొగుసా’. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ల ద్వారా ఐరోపాకు చేరింది. చైనా వాళ్లు ‘జియు’ అంటారు, ఆ అక్షరం అడుగున నిప్పు గుర్తు ఉంటుంది. మనం ఆక్యుపంక్చర్ అని సరిపెట్టే ‘చెన్‌జియు’లో చెన్ సూది, జియు ఈ సెగ. అంటే పేరులో సగం మనం వదిలేస్తున్నాం.

నా ఓటు ‘మాచిపత్రి సెగ’కే. ‘అగ్నికర్మ’ వద్దు. సుశ్రుతుడు చెప్పిన అగ్నికర్మ కాల్చడమే, మళ్లీ వాత దగ్గరికే వస్తాం.

జీర్ణకోశ వైద్యుడు:
మాట కుదిరింది, ఇక దాని పక్కన వాడే క్రియ సంగతి. ‘నయం చేస్తుంది’ అని రాయకండి. 2014లో షాంఘై పరిశోధకులు 92 మంది క్రోన్స్ (పేగువాపు జబ్బుల్లో ఒక రకం) రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు ప్రచురించారు. జబ్బు తక్కువగానో ఓ మోస్తరుగానో ఉన్నవాళ్లు వీళ్లు. వారానికి మూడుసార్లు, 12 వారాలు చికిత్స. ఒక జట్టుకు మూలికల బిళ్లల కాపడం, సూదులు. రెండో జట్టుకు గోధుమ తవుడు బిళ్లలు, పైపైన గుచ్చిన సూదులు. జబ్బు తీవ్రత స్కోరు రెండు జట్లలోనూ తగ్గింది, మొదటి జట్టులో ఎక్కువగా తగ్గింది. తవుడు బిళ్ల మీదా నిప్పు ఉన్నట్టే కాబట్టి, వేడి ఎంత, మూలిక ఎంత, నమ్మకం ఎంత అన్నది దీనితో తేలదు. పెద్దపేగు లోపలి పొరలో పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ మీద 2010లో వచ్చిన సమీక్షకు దొరికినవి ఐదు పరీక్షలే, వాటి నాణ్యతా తక్కువే. ఎలుకల్లో మాత్రం వాపు పెంచే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే పదార్థం తగ్గడం, పేగు గోడలో కణాల మధ్య బిగువు నిలపడం కనిపించాయి. కనుక ‘ఉపశమనం ఇవ్వవచ్చు’ అనేదాకానే.

ఇంకొకటి. ‘పూత’ అనే మాట నోటిపూతలా పైపొరకే తగిలేదానికి బాగుంటుంది, అల్సరేటివ్ కొలైటిస్‌కు సరిపోతుంది. క్రోన్స్ పేగు గోడ లోతుల్లోకి దిగుతుంది, చీముగడ్డ కట్టవచ్చు, ఫిస్టులా (పేగు నుంచి పక్క అవయవానికో చర్మానికో తెరుచుకునే దారి) పడవచ్చు. అలాంటి పొట్ట మీద సెగ వద్దు. జ్వరం, ధారగా రక్తం, ఉబ్బిన పొట్ట ఉంటే నేరుగా ఆసుపత్రికే. దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడి చర్మం పలచబడినవాళ్లకు, స్పర్శ తగ్గిన మధుమేహులకు బొబ్బ తొందరగా లేస్తుంది. గర్భిణులకు పొట్ట మీద పెట్టకూడదు. ఉబ్బసం ఉంటే పొగ పడదు. పేగువాపు తగ్గించే మెసలమైన్, ఇతర మందులు ఆపకూడదని ప్రత్యేకంగా రాయండి.

అనువాదకురాలు:
ఇలా మార్చాను: ‘మాచిపత్రి సెగ, మూలికల బిళ్ల కాపడం అనే చైనా పద్ధతులు, వాడుతున్న మందులకు తోడుగా, కొందరికి ఉపశమనం ఇవ్వవచ్చు. శిక్షణ పొందినవారే చేయాలి. చర్మం కాలకూడదు.’

ఆక్యుపంక్చర్ వైద్యురాలు:
బాగుందండీ. ‘చర్మం కాలకూడదు’ తర్వాత ‘చురుక్కుమంటే వెంటనే చెప్పండి’ అని కలపండి. చాలామంది మంట ఎక్కువైతే మందు పట్టిందనుకొని ఓర్చుకుంటారు, బొబ్బలు లేచేది అలాగే.