ఇంటెలిజెంట్ డిజైన్‌ని సైన్స్ అనొచ్చా? కాదంటే ఎందుకు కాదు?

ఉక్కునగరం రావు:
దశావతారాల గొడవ తేకండి, ముందే చెబుతున్నా. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి మన ఆంధ్రా యూనివర్సిటీ వీసీ నాగేశ్వరరావు గారు జీవపరిణామం గురించి చెప్పడంలో డార్విన్ కంటే దశావతారాలే మెరుగన్నారు. అప్పట్నుంచీ ఈ ఊళ్ళో డార్విన్ మీద ఎవరు నోరెత్తినా అదే ఎత్తిపొడుపు. నేనడిగేది వేరు. బ్యాక్టీరియాకి ఫ్లాజెల్లం అనే తోక ఉంటుంది. దాని మొదట్లో ఉన్నది అచ్చంగా మోటారే. రోటార్, స్టేటర్, షాఫ్ట్ అన్నీ ఉన్నాయి. ప్రోటాన్ల ప్రవాహంతో సెకనుకి వందకు పైగా చుట్లు తిరుగుతుంది. అమెరికాలో మైకేల్ బీహీ అనే బయోకెమిస్ట్ 1996లో దీన్ని చూపించే వాదించాడు. ఒక్క భాగం తీసేసినా ఆగిపోయే యంత్రం కొంచెం కొంచెంగా పుట్టే వీల్లేదు, ఎవరో ఆలోచించి చేసిందే అన్నాడు. ఇంటెలిజెంట్ డిజైన్ అంటే ఇదే. స్టీల్‌ప్లాంట్ మెకానికల్‌లో చేసి రిటైరైన వాణ్ని. మా ప్లాంట్‌లో ఇనుము కరిగించే గోదావరి ఫర్నేస్ దానంతటదే లేచి నిలబడిందంటే మీరు ఒప్పుకుంటారా? డిజైన్‌ని చూసి డిజైన్ అంటే సైన్స్ ఎందుకు కాదు?

గాజువాక గిరి:
మళ్ళీ మొదలైంది. మేడం ఎక్కడున్నా రావాలి.

సింహాచలం శ్రీను:
మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం. వరస సరిగ్గానే ఉంది కదండీ మరి?

ఉక్కునగరం రావు:
శ్రీనూ, వద్దన్నానా లేదా?

ఎంవీపీ జువాలజీ:
వచ్చాను. రావు గారూ, గోదావరి ఫర్నేస్ పిల్లల్ని కనదు. ఆ పిల్లల్లో కాస్త తేడాగా పుట్టింది బతికి, మిగతావి పోవడమూ ఉండదు. బ్యాక్టీరియాలో రోజూ జరిగేది అదే. ఇక ఒక్క భాగం తీసినా పనికిరాదన్నారు. ప్లేగు బ్యాక్టీరియాకి మన కణాల్లోకి ప్రోటీన్లు ఎక్కించే సూదిలాంటి ఏర్పాటు ఉంది, టైప్ త్రీ సెక్రీషన్ సిస్టమ్ అంటారు. ఫ్లాజెల్లం అడుగుభాగంలోని ప్రోటీన్లకు దగ్గరి చుట్టాలే అందులోనూ ఉన్నాయి. తోకా లేదు, తిరగడమూ లేదు, దాని పని అది చేసుకుపోతోంది.

చూడగానే ఎవరో చేసినట్టు అనిపించడమే రుజువైతే, బొర్రా గుహల్లో గైడ్ లైటు వేసి చూపించే ఆకారాలన్నీ ఎవరో చెక్కినవే అవ్వాలి. సున్నపురాయిలోంచి కారే నీటి చుక్కలు చేసిన పని అది.

జగదాంబ లాయర్:
సైన్స్ సంగతి పక్కన పెట్టండి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో, దీన్ని బయాలజీ క్లాసులోకి తేవడం మీద నడిచిన డోవర్ స్కూల్ కేసులో 2005 డిసెంబరు 20న జడ్జి జాన్ జోన్స్ 139 పేజీల తీర్పు రాసి, ఇంటెలిజెంట్ డిజైన్ సైన్స్ కాదన్నారు. ఏది సైన్సో తేల్చే అధికారం జడ్జికి ఎవరిచ్చారు? దీనికి జవాబు కావాలి.

ఎంవీపీ జువాలజీ:
జడ్జి ఒక్కరే కూర్చుని తేల్చలేదండీ. బీహీ స్వయంగా బోనెక్కి సాక్ష్యం చెప్పారు. సిద్ధాంతం అంటే ఏమిటో ఆయన చెప్పుకున్న లెక్క ప్రకారం జ్యోతిషం కూడా దాని కిందికే వస్తుందని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్నారు.

గాజువాక గిరి:
మా మావయ్య జాతకాలు చెబుతాడు. సైంటిస్టని తెలీక ఇన్నాళ్ళూ చిన్నచూపు చూశాం.

జగదాంబ లాయర్:
జ్యోతిషం ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. 2001లో యూజీసీ జ్యోతిషం కోర్సులు పెడితే, హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థని స్థాపించిన పీఎం భార్గవ గారు కోర్టుకెళ్ళారు. 2004లో మన సుప్రీంకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. అమెరికా జడ్జి మాట వేదమైతే ఇది కూడా ఒప్పుకోవాలి. ఒప్పుకుంటారా?

ఉక్కునగరం రావు:
లాయర్ గారూ, కోర్టులు నాకొద్దు. మేడం, మీరు చెప్పిన సూది సంగతి నేనూ చదివాను. ఆ సూదే ఫ్లాజెల్లం నుంచి వచ్చిందని మీ వాళ్ళ పరిశోధనలే చెబుతున్నాయి. ముందు మోటారు, తర్వాత సూది. తాత ఎక్కడినుంచి వచ్చాడయ్యా అంటే మనవణ్ణి చూపిస్తారేంటమ్మా? బొర్రాలో రాళ్ళు ఏ పనీ చెయ్యవు, మోటారు చేస్తుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

ఎంవీపీ జువాలజీ:
ఈ 'అమ్మా' వద్దు సార్. సూది తర్వాతే వచ్చిందనుకుందాం, ఆ వాదన బలంగానే ఉంది. కానీ బీహీ అన్నదేమిటి? భాగాలు పోతే మిగిలింది పనికిరాదని. పనికొస్తోంది కదా.

అసలు విషయం ఇంకోటి. చేపలకీ నాలుగు కాళ్ళ జంతువులకీ మధ్య జీవి ఉండి ఉంటే ఏ వయసు రాళ్ళలో దొరకాలో లెక్కేసుకుని, ఆ వయసు రాళ్ళు ఎక్కడున్నాయో చూసుకుని, కెనడా ఉత్తరాన మంచులో కొన్నేళ్ళు వెతికారు. 2004లో అలాంటి జీవి శిలాజమే, టిక్టాలిక్, దొరికింది, దాదాపు 37.5 కోట్ల ఏళ్ళనాటిది. దొరక్కపోయుంటే వాళ్ళ లెక్క ఇరుకున పడేది. మీ డిజైన్ ఎక్కడైనా, ఒక్కసారైనా, ఫలానా చోట తవ్వండి ఫలానాది దొరుకుతుంది అందా? మనకీ కోతులకీ విటమిన్ సి తయారుచేసే జన్యువు చెడిపోయి అలాగే పడి ఉంది. పనిచెయ్యని జన్యువుని ఎవరు డిజైన్ చేశారు?

ఉక్కునగరం రావు:
ప్లాంట్‌లో పాత పైప్‌లైన్ కట్ చేసి అలాగే వదిలేస్తాం. అంతమాత్రాన ప్లాంట్‌ని ఎవరూ కట్టలేదంటారా?

ఎంవీపీ జువాలజీ:
బాగుంటే డిజైనర్ గొప్పతనం, బాగోకపోతే డిజైనర్ ఇష్టం. అయితే ఏది దొరికితే డిజైన్ తప్పని ఒప్పుకుంటారు? ఒక్కటి చెప్పండి.

ఉక్కునగరం రావు:
ఇదిగో, ఈ మాటతీరే. మా అమ్మాయి బయోటెక్ చదివేటప్పుడు క్లాసులో ఇదే మోటారు గురించి అడిగింది. లెక్చరర్ జవాబు చెప్పలేదు. "మీ ఇంట్లో పూజలు ఎక్కువా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత అది క్లాసులో చెయ్యి ఎత్తలేదు. మీలాంటి లెక్చరర్లే పిల్లల్ని సైన్స్‌కి దూరం చేస్తున్నారు.

ఎంవీపీ జువాలజీ:
మీలాంటి పేరెంట్స్ నాకూ తెలుసు. ఇంటర్‌లో నేను జీవపరిణామం పాఠం మొదలుపెట్టగానే ఒకాయన ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళి కోతుల పాఠం మా వాడికొద్దన్నాడు. మేనేజ్‌మెంట్ నన్ను పిలిచి, బిట్స్ మాత్రం బట్టీ పట్టించి వదిలెయ్యమంది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామాన్ని తీసేస్తే 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు లేఖ రాశారు. అయినా పాఠం వెనక్కి రాలేదు. దూరం చేస్తున్నది ఎవరు?

సింహాచలం శ్రీను:
ఇద్దరూ కాస్త మంచినీళ్ళు తాగండి బాబూ.

అడ్మిన్:
ఇంట్లో విషయాలు, కాలేజీ విషయాలు వద్దు. అడిగినదానికి చెప్పండి, లేకపోతే థ్రెడ్ మూసేస్తాను.

ఉక్కునగరం రావు:
సరే, అడిగినదానికే చెబుతా. ఏది దొరికినా నేను డిజైన్‌ని వదలను. ఇంత పనితనం వెనక ఎవరూ లేరంటే నా మనసు ఒప్పుకోదు. మరి సైన్స్ అనాలని ఎందుకు పట్టుబడుతున్నావంటారా? ఈ రోజుల్లో సైన్స్ అన్న ముద్ర లేని మాటని ఎవరూ వినడం లేదు. నమ్మకం అంటే నవ్వుతారు, సైన్స్ అంటే కూర్చోబెడతారు. మా అమ్మాయి అడిగింది ప్రశ్నే కదా, దాన్నీ పూజల్లో కలిపేశారు.

గాజువాక గిరి:
ఈ మాట మొదటి పోస్టులోనే రాసేస్తే సరిపోయేది కదా సార్.

ఎంవీపీ జువాలజీ:
రావు గారూ, ఆ లెక్చరర్ చేసింది తప్పే. తెలిస్తే చెప్పాలి, తెలీకపోతే తెలీదనాలి. మీ నమ్మకాన్ని అబద్ధమని నేనెప్పుడూ అనలేదు. కానీ ఏది దొరికినా వదలనిదాన్ని సైన్స్ అంటే, రేపు అది నా క్లాసులోకి వస్తుంది. నా పేచీ అంతా దానితోనే.

ఉక్కునగరం రావు:
వస్తే ఏమైంది? పాఠం మొత్తం అడగడం లేదే. ఒక్క పేజీ. ఇలా అనుకునేవాళ్ళు కూడా ఉన్నారని.

జగదాంబ లాయర్:
డోవర్‌లో అంత కూడా కాదు. తొమ్మిదో తరగతి బయాలజీ క్లాసులో చిన్న నోటీసు ఒకటి చదివించాలని బోర్డు చూసింది, అంతే. దానికే 11 మంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. నేను మొదట్నుంచీ ఈ కేసు చూడమంటున్నది అందుకే.

ఎంవీపీ జువాలజీ:
ఆ నోటీసు చదవడానికి అక్కడి బయాలజీ టీచర్లు ఒప్పుకోలేదు లాయర్ గారూ. అధికారులే క్లాసుకొచ్చి చదివి వెళ్ళారు.

ఉక్కునగరం రావు:
మీకే ఇచ్చారనుకోండి, చదువుతారా?

ఎంవీపీ జువాలజీ:
చదవను.