స్థితి, స్థిరం, కుదురు: లాంథనైడ్ల పాఠంలో ఒక మాట చిక్కు

ప్రశ్న (చిత్తూరు నుంచి): మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం రసాయనశాస్త్రం తెలుగులో చదువుతోంది. సీరియం ప్లస్ నాలుగు ఆక్సీకరణ స్థితి స్థిరమైనదని ఒక వాక్యంలోనూ, ఆ స్థితిలోనే అది బలమైన ఆక్సీకరణి అని మరుసటి వాక్యంలోనూ రాసుకొచ్చింది. స్థిరంగా ఉన్నది ఎదుటిదాని ఎలక్ట్రాన్‌ను ఎందుకు లాక్కుంటుందని అడిగితే నేను చెప్పలేకపోయాను. లోపం మాటలో ఉందా అండీ?

సమాధానం (తిరుపతి నుంచి): మాటలోనే ఉందమ్మా. స్థితి, స్థిరం రెండూ ‘నిలుచు’ అనే అర్థమున్న ఒకే సంస్కృత ధాతువు నుంచి పుట్టినవి కనుక, స్థితి అనగానే స్థిరమన్న భావం వెంట వచ్చేస్తుంది. పాఠంలో చెప్పిన స్థిరత్వం ఎలక్ట్రాన్ విన్యాసానిది, అంటే ఎలక్ట్రాన్లు అమరిన తీరుది: నాలుగు ఎలక్ట్రాన్లు పోయిన సీరియంలో 4ఎఫ్ అనే ఎలక్ట్రాన్ల అర పూర్తిగా ఖాళీ అవుతుంది. అయితే సీరియం ఉన్న వరుసలోని మూలకాలైన లాంథనైడ్లన్నిటిలోనూ నాలుగో ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి పట్టే శక్తి మొదటి మూడింటికీ కలిపి పట్టిన దానికంటె ఎక్కువ. అందుకే లాంథనం నుంచి లుటీషియం దాకా, అంటే పరమాణు సంఖ్య 57 నుంచి 71 వరకు, పదిహేను మూలకాలకూ ప్లస్ మూడే సొంత చోటు. దీనికి మన ఇళ్లలో చక్కని మాట ఉంది, కుదురు. గుండ్రటి అడుగున్న నీళ్లకుండ దొర్లకుండా కింద గడ్డి చుట్టి పెడతామే, అది. కుండను కాసేపు చేతులతో పట్టుకుని నిలపవచ్చు గాని, వదిలితే కుదురు మీదనే కూర్చోవాలి.

ప్రయోగశాలలో ఇది కంటికి కనిపిస్తుంది. ఆమ్లం కలిపిన సీరిక్ (ప్లస్ నాలుగు సీరియం) లవణ ద్రావణం పసుపుగా ఉంటుంది. అందులో ఫెర్రస్ (ప్లస్ రెండు ఇనుము) లవణ ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తే, ఇనుము రెండు నుంచి మూడుకు పెరుగుతుంది, సీరియం నాలుగు నుంచి మూడుకు దిగి పసుపు రంగు విరిగిపోతుంది.

ప్రశ్న: మరి యూరోపియం ప్లస్ రెండు సంగతి? అక్కడ 4ఎఫ్ సగం నిండి ఉంటుంది, అదీ స్థిరమైన విన్యాసమేనని అమ్మాయి అంటోంది.

సమాధానం: సరిగ్గా చెప్పింది, ఏడు ఎలక్ట్రాన్లు. అయినా నీటి ద్రావణంలో గాలి తగిలితే అది ఎలక్ట్రాన్‌ను వదిలి మూడుకు చేరుతుంది, కనుక క్షయకరణి. సీరియం పైనుంచి, యూరోపియం కిందినుంచి, రెండూ చేరేది ఒకే కుదురుకు. గడోలినియం మాత్రం ప్లస్ మూడులోనే సగం నిండిన 4ఎఫ్‌తో ఉంటుంది కనుక సాధారణంగా అక్కణ్ణుంచి కదలదు.

ఇంకొక మాట కూడా వేరుచేయాలి. సీరిక్ ద్రావణం నీటిని సైతం ఆక్సీకరించగలిగినదే, కాని ఆ చర్య చాలా నెమ్మది కనుక ఆమ్లంలో సీసాలో చాలాకాలం నిలవ ఉంటుంది. దాన్ని స్థిరమనకుండా ‘నిలవ ఉండేది’ అనడమే నాకు సబబుగా తోస్తుంది. పరీక్షలో ఆక్సీకరణ స్థితి అనే రాయమనండి. ‘స్థిరం’ అని రాసిన ప్రతిచోటా అది విన్యాసానికా, ద్రావణానికా అన్నది పక్కనే చేర్చమనండి.