నకిలీ ఫైనల్ ట్రాన్సిస్టర్లను ముందే ఎలా గుర్తుపట్టాలి?

అందరికీ నమస్కారం. నా పాత హెచ్‌ఎఫ్ ట్రాన్స్‌సీవర్‌లో (షార్ట్‌వేవ్‌లో పంపే, వినే హ్యామ్ రేడియో సెట్) ఫైనల్ ట్రాన్సిస్టర్లు, అంటే యాంటెన్నాకి పవర్ పంపే చివరి దశవి, రెండూ పోయాయి. రిసీవర్ ఇప్పటికీ ఎంతో చక్కగా వినిపిస్తుంది, అందుకే సెట్‌ను వదులుకోబుద్ధి కావడం లేదు. కొత్తది కొనే స్తోమత నాకు లేదు.

అందులో ఉన్నవి 2ఎస్‌సీ1969లు. మిత్సుబిషి వాటి తయారీ ఎప్పుడో ఆపేసింది. ఆ పేరు ముద్రించిన జత ఒకటి తెప్పించి వేశాను, ప్రసారానికి కీ నొక్కగానే కాలిపోయింది. ఇంకో జతకి డబ్బు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

సోల్డర్ చేయకముందే నకిలీని మీటర్‌తో పట్టుకునే మార్గం ఉందా? లేక వాటి బదులు ఐఆర్‌ఎఫ్510 మాస్‌ఫెట్లు (ఇంకో రకం ట్రాన్సిస్టర్లు) పెట్టుకోవడం మేలా? పాతవాటి బేస్‌కి 0.7 వోల్టులు సరిపోయేవి, ఈ మాస్‌ఫెట్ల గేటుకి 3, 4 వోల్టులు కావాలి. ఆ వోల్టేజీ ఇచ్చే బయాస్ సర్క్యూట్‌ని అలా మార్చినవాళ్లు ఉంటే, 28 మెగాహెర్ట్జ్‌లో పవర్ ఎంత తగ్గిందో దయచేసి చెప్పండి.