మోడ్స్‌కు పైసలు కలపాల్నా, కోసుకోవాల్నా? (అబార్త్ పుంటో, 2016)

హన్మకొండ_హ్యాచ్

అన్నలందరికీ నమస్తే. నాలుగేండ్ల సంది ఎతుకుతున్న బండి మొన్న మనూర్లనే దొరికింది. అబార్త్ పుంటో, 2016 మోడల్, రెండో ఓనర్, 71 వేల కిలోమీటర్లు. తెల్వనోళ్ళ కోసం చెప్తున్న. ఫియట్ 2015 అక్టోబర్‌ల ఇండియాల వదిలిన బండి ఇది. 1.4 లీటర్ టి-జెట్ టర్బో పెట్రోల్, 145 హార్స్‌పవర్, 212 ఎన్ఎం టార్క్, ఐదు గేర్ల మాన్యువల్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. అప్పటి ఎక్స్ షోరూం రేటు 9.95 లక్షలు.

అమ్మేటాయనది సుబేదారి. బండి మీద చేయించిన మార్పులు (మోడ్స్) ఇవి: స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి పవర్ పెంచుడు), క్యాట్ (పొగను శుభ్రం చేసే డబ్బా) లేని డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ పొయ్యే పైపు), ఫ్రీ ఫ్లో సైలెన్సర్, ఓపెన్ ఫిల్టర్, గేర్ మార్చినప్పుడల్లా గాలిని బయటికి ఊదే బ్లో ఆఫ్ వాల్వ్, లోయరింగ్ స్ప్రింగులు. ఆయన లెక్క ఇట్ల ఉన్నది: "స్టాక్ బండి, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్నది, 5.6 లక్షలకు పోతది. మోడ్స్ మీద నేను 1.6 పెట్టిన. నీ దగ్గర 1.3 తీసుకుంట. 6.9 ఫైనల్."

ట్రయల్‌కు కాజీపేట బ్రిడ్జి దాటి మడికొండ దిక్కు పోయినం. మూడో గేర్ల 2,500 ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) కాడ పూర్తిగ తొక్కిన. లాగింది, మస్తు లాగింది. 3,500 కాడికి వచ్చేసరికి ఎనకనుంచి ఎవరో చొక్కా పట్టుకొని గుంజినట్టు ఆగిపోయింది. బోనెట్ లోపల బుస్సుమని సప్పుడు. ఇంజన్ లైట్ మాత్రం రాలె. ఆయన్ను అడిగితే "ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ తమ్మీ, ఇప్పుడు టర్బో బండ్లన్నీ గిట్లనే ఉన్నయి" అన్నడు.

ఆ 1.3 ఇయ్యాల్నా వద్దా? ఆ బుస్సు ఏంది?

సున్నా_కట్ట

మోడ్స్ విలువ సున్నా. ఎవడి సరదాకు వాడు పెట్టుకున్నడు, సరదా తీరింది, బండి అమ్ముతున్నడు. ఇంకొకని కొలతకు కుట్టిన చొక్కాకు కుట్టుకూలి నువ్వెందుకు కట్టాలె? 5.6 అను. ఒప్పుకోకపోతే బైక్ స్టార్ట్ చేస్కొని వచ్చెయ్.

రామగుండం_థర్మల్

నేను ఒప్పుకోను. నాది రీమ్యాప్ చేసిన పోలో జీటీ టీఎస్ఐ. కంపెనీ నుంచి 105 హార్స్‌పవర్, 175 ఎన్ఎం. దాని డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఆటోమేటిక్) గేర్‌బాక్స్ తట్టుకునే హద్దు 250 ఎన్ఎం కాబట్టి నా ట్యూనర్ (రీమ్యాప్ చేసినాయన) 220 కాడనే ఆపిండు. ఇంకా గుంజమని నేనే అడిగిన, చెయ్యనన్నడు. అట్లాంటోని చేతుల పడ్డ బండికి విలువ ఉంటది.

ఇంకో ముచ్చట. నేను ఈ బండిని మోడ్స్‌తోటే కొన్న, స్టాక్ బండి కన్న 40 వేలు ఎక్కువ ఇచ్చి. పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) ఉండె. మే నెల మధ్యాహ్నం మా రామగుండంల రెండు మూడు సార్లు గట్టిగ తొక్కి చూడండి. స్టాక్ ఇంటర్‌కూలర్ కాలి, లోపలికి పొయ్యే గాలి వేడెక్కి, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్ ఎనక్కి గుంజుతది, పవర్ తగ్గుతది. నా బండి అట్ల చెయ్యది. అదే సామాను కొత్తది పెట్టిస్తే ఎంతైతదో సున్నా_కట్ట అన్న చెప్పాలె.

బిల్లులు ఉండాలె, డైనో షీట్ (మిషన్ మీద పవర్ కొలిచిన కాగితం) ఉండాలె, స్టాక్ ఫైల్ (కంపెనీ ఇచ్చిన ఈసీయూ ప్రోగ్రాం) చేతికి ఇయ్యాలె. ఇవి ఉంటే సగం ధర ఇయ్యొచ్చు.

పాత_ఫియట్_పట్టాదారు

తమ్మీ, నేను 2010 లీనియా టి-జెట్ ఇప్పటికీ నడుపుతున్న. అదే ఇంజన్ కుటుంబం. బీఎస్6 పొగ రూల్స్ వచ్చే ముంగట ఫియట్ మనదేశంల కార్లు బంద్ చేసింది. ఆ సంగతి మర్చిపోయి రేటు మాట్లాడుకుంటే అసలు లెక్క తప్పుతది.

స్టాక్ డౌన్‌పైప్ ఏది? క్యాట్ ఏది? స్టాక్ స్ప్రింగులు, ఎయిర్‌బాక్స్, బ్లో ఆఫ్ జాగల అసలు ఉండే డైవర్టర్ వాల్వ్ ఏడ ఉన్నయి? మారుతి అయితే పోయిన సామాను రేపు పొద్దుగాల షాపుల దొరుకుతది. ఇది అట్ల కాదు. నాకు ఒక్క హోస్ పైపు కోసం మూడు వాట్సాప్ గ్రూపులల్ల పదకొండు రోజులు అడుక్కోవుడైంది.

తీసేసిన సామాను మొత్తం అట్టపెట్టెలల్ల పెట్టి ఇస్తే 5.6. ఇయ్యకపోతే దాన్ల నుంచి కొయ్యి. ఎద్దును కొనెటప్పుడు పండ్లు చూస్తరు గానీ కొమ్ములకు ఏసిన రంగు చూడరు.

కరీంనగర్_నైట్‌రైడ్

బండి కలర్ ఏంది అన్నా? సైడుకు ఎర్ర స్టిక్కర్లు ఉన్నయా?

హన్మకొండ_హ్యాచ్

తెలుపు అన్నా. ఉన్నయి.

షెడ్డు_చిన్నోడు

నేను షెడ్డుల పనిచేస్త. రేటు సంగతి మీరు తేల్చుకోండి, నేను బుస్సు సంగతి చెప్త.

ముందుగాల ఈ20 మీద నెపం పెట్టుడు బంద్ చెయ్యాలె. ఇథనాల్ కలిస్తే ఆక్టేన్ పెరుగుతది, తగ్గది. తగ్గేది దాంట్ల ఉండే శక్తి, అందుకే మైలేజీ పడుతది. గాలి పెట్రోల్ పాలు కూడ మారుతది. పాత ట్యూనింగ్ బండ్లల్ల లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్ ఎంత ఎక్కువ తక్కువ పోస్తుందో చూపే అంకె) మూడు నాలుగు శాతం ప్లస్‌ల కనపడితే దానికి ఈ20 కారణం అనుకోవచ్చు. 3,500 కాడ బుస్సుమనుడు ఈ20 పని కాదు, గాలి లీకేజీ పని.

ఒక ఓబీడీ స్కానర్ (బండికి తగిలించి ఈసీయూ లెక్కలు చదివేది) పట్కపో, వెయ్యి రూపాయల లోపల దొరుకుతది. కోడ్లు (ఈసీయూ రాసిపెట్టిన లోపాల నంబర్లు) చూసుడు తర్వాత. ముందు "కోడ్లు తుడిచినంక తిరిగిన దూరం" అనే లైను చూడు. చానా మందికి ఆ లైను ఉన్నదనే తెల్వది.

ఇంకొకటి, పోయే ముంగట ఫోన్ చేసి బండి స్టార్ట్ చెయ్యద్దని చెప్పు. పొయ్యి బోనెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగ ఉంటే ఆ రోజు వాపస్ వచ్చి ఇంకో రోజు పో.

లెక్కల_సారు

అందరూ ఇంజను గురించే మాట్లాడుతున్నారు. కాగితాల గురించి కూడా ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది తెచ్చిన సవరణతో 182ఎ(4) వచ్చింది. బండిని అలా మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

రామగుండం_థర్మల్

సార్, గోదావరిఖని నుంచి హైదరాబాద్ దాంక రోజుకు ఎన్ని మోడ్ బండ్లు తిరుగుతున్నయో మీకూ తెల్సు. ఎవరు ఆపుతున్నరు?

లెక్కల_సారు

రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు బాబూ. బండికి దెబ్బ తగిలిన రోజున ఇన్సూరెన్స్ సర్వేయరు వస్తాడు. ఆయన బోనెట్ ఎత్తుతాడు, ఫోటోలు తీస్తాడు. పాలసీ తీసుకున్నప్పుడు చెప్పని మార్పులు కనపడితే క్లెయిమ్ దగ్గర పేచీ మొదలవుతుంది. మీ పాలసీలో ఆ పెద్ద ఇంటర్‌కూలర్ రాయించారా?

రామగుండం_థర్మల్

లేదు సార్.

హన్మకొండ_హ్యాచ్

పొద్దుగాల ఆరున్నరకు పోయిన. బోనెట్ చల్లగనే ఉన్నది. స్కానర్ పెట్టిన. కోడ్లు: ఏమీ లేవు. కోడ్లు తుడిచినంక తిరిగిన దూరం: 11 కిలోమీటర్లు.

ఆయన మొకం చూసిన. "మొన్న సర్వీసుల తుడిచిర్రేమో" అన్నడు.

ఐడిల్‌ల లాంగ్ టర్మ్ ట్రిమ్ ప్లస్ 14 చూపిస్తున్నది. 2,500 కాడ పట్టుకుంటే 6 కు దిగింది. మళ్ళ అదే రోడ్డు మీద రెండుసార్లు గట్టిగ తొక్కి వచ్చి చూస్తే పెండింగ్‌ల పీ0299 పడ్డది. ఇప్పుడు?

షెడ్డు_చిన్నోడు

పీ0299 అంటే ఈసీయూ అడిగినంత బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) రావట్లేదని. ఒక్కసారికి లైట్ ఎలగకపోవచ్చు. ముందు పెండింగ్‌ల కూసుంటది, మళ్ళ నడిపినప్పుడు అదే కనపడితే లైట్ వస్తది. మొన్న నీకు లైట్ ఎందుకు రాలేదో సమజైందా? 11 కిలోమీటర్ల కిందట తుడిచిండు కాబట్టి.

ఆ ప్లస్ 14 వేరే రోగం అనిపిస్తున్నది. టి-జెట్ల గాలిని లెక్కేసేది ఎంఏపీ సెన్సార్ (గాలి ఒత్తిడి కొలిచేది), ఎంఏఎఫ్ (లోపలికి పొయ్యే గాలిని కొలిచేది) కాదు. అందుకే బూస్ట్ పైపుల లీకేజీ ట్రిమ్‌ను అంతగనం ఆడించది. బయటికి ఊదే బ్లో ఆఫ్ వాల్వ్ పెట్టినా ఎంఏఎఫ్ బండి లెక్క గేర్ మార్చినప్పుడు నల్లపొగ కొట్టది. మరి ఐడిల్‌ల 14 ఎందుకు? నాకు డౌన్‌పైప్ మీద అనుమానం. టర్బోకు, ఆ పైపుకు నడుమ గాస్కెట్ సరిగ కూసోకపోతే అక్కడి సందులకెళ్ళి బయటి గాలి గుంజుకుంటది. ఆక్సిజన్ సెన్సార్ దాని తర్వాతనే ఉంటది. పెట్రోల్ తక్కువ పడుతుందేమోనని ఈసీయూ ఎక్కువ పోస్తది. రెవ్స్ పెంచితే లోపలి పొగ ఒత్తిడి పెరిగి తేడా తగ్గుతది. నీకు 14 నుంచి 6 కు దిగింది చూడు, అది.

రెండు పరీక్షలు చెయ్. మొదటిది: బండి చల్లగ ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, సైలెన్సర్ మూతికి తడి గోనెసంచి ముక్క అడ్డం పట్టమను. నువ్వు టర్బో కాడ చెవి పెట్టు. టిక్కు టిక్కుమంటే గాస్కెట్ పోయినట్టే.

రెండోది: పైపుల దుకాణంల పీవీసీ ఎండ్ క్యాప్ కొను. దానికి నడిమిట్ల రంధ్రం కొట్టి ట్యూబ్‌లెస్ టైర్ వాల్వ్ బిగించు. ఓపెన్ ఫిల్టర్ తీసేసి ఆ గొట్టంల క్యాప్ పెట్టి క్లిప్పు బిగించు. ఇంజన్ ఆవిరి వచ్చే సన్న పైపు ఒకటి అక్కడనే కలుస్తది, దాన్ని మూసెయ్. పంక్చర్ షాపు కాడ గేజ్ ఉన్న గన్‌తోటి నిమ్మళంగ 10, 12 పీఎస్ఐ ఎక్కియ్. అంతే. వాళ్ళ ట్యాంకుల వంద పైన ఉంటది, ఒక్కపారి వదిలితే ఆయిల్ సీళ్ళు పోతయి. సర్ఫ్ నీళ్ళు కొట్టుకుంట పో. ఆయిల్ మూత కాడ కొంచెం గాలి వస్తే భయపడకు, తెరిచి ఉన్న వాల్వులకెళ్ళి వస్తది.

సున్నా_కట్ట

నేను సున్నా అన్నప్పుడు నవ్విర్రు కదా.

హన్మకొండ_హ్యాచ్

రెండూ చేసిన. అమ్మేటాయన కూడ వచ్చిండు, అది మెచ్చుకోవాలె. పంక్చర్ షాపు పిలగాడు 8 కాడికి తెచ్చేసరికే బుస్సు మొదలైంది. పెద్ద పైపులన్నిటి మీద సర్ఫ్ నీళ్ళు కొట్టిన, ఒక్క బుడగ లేదు. బ్లో ఆఫ్ వాల్వ్ నెత్తి మీదకు పొయ్యే పెన్నంత లావు రబ్బరు పైపు ఉన్నది. దాని కొస కాడ గోరంత పగులు. అక్కడ తెల్లటి నురుగు చిన్న పూవు లెక్క ఇచ్చుకుంటున్నది. పైపును వంచి చూస్తే రబ్బరు ఎండిన చింతబొట్టు లెక్క గట్టిపడ్డది.

గోనెసంచి పెడితే టిక్కు టిక్కు కూడ వచ్చింది. డౌన్‌పైప్ అంచు చుట్టూ నల్లటి మసి.

షెడ్డు_చిన్నోడు

దొరికింది. ఆ సన్న పైపుల బూస్ట్ నిలబడితేనే వాల్వ్ మూసుకొని ఉంటది. పైపు పగిలితే నెత్తి మీద ఒత్తిడి పోతది, వాల్వ్ తెరుచుకొని గాలంతా బయటికి. వంద రూపాయల పైపు.

కానీ ఇట్ల ఎన్ని రోజులు నడిపిండో అడుగు. బూస్ట్ రాకపోతే ఈసీయూ టర్బోను ఇంకా ఇంకా తిప్పుతది. ఇన్‌టేక్ గొట్టం తీసి టర్బో రెక్కను వేలుతోటి కదిలియ్. పక్కలకు ఇంతంత కదిలితే పర్వాలేదు. ముందుకు ఎనకకు కదిలితే, లేదా రెక్క గోడకు రాసిన గీతలుంటే ఆ బండి వద్దు.

రామగుండం_థర్మల్

చూసిర్రా, వంద రూపాయల పైపు. దీనికి ఇంత గత్తర చేసిర్రు. పైపు, గాస్కెట్ మార్చుకుంటే బండి బంగారం. తమ్మీ 6.2 కు మాట్లాడు.

పాత_ఫియట్_పట్టాదారు

ఆ వంద రూపాయలు పెట్టి పైపు మార్చలేదు, కోడ్లు మాత్రం తుడిచిండు. నాకు అక్కడ కాలింది. తెల్వక చెడగొట్టుకున్నోనితోటి బేరం ఆడొచ్చు, దాచిపెట్టి అమ్మెటోనితోటి ఆడినా లాభం లేదు. ఇంకేమేం దాచిండో పీవీసీ క్యాప్ చెప్పది. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు చూపించిండా?

రామగుండం_థర్మల్

కోడ్లు ఆయనే తుడిచిండని ఏం గ్యారంటీ? నిజంగనే సర్వీసోళ్ళు తుడిచి ఉండొచ్చు.

సున్నా_కట్ట

మరి సర్వీసు చేసినోళ్ళు పీ0299 చూసి, తుడిచి, పైపు చూడకుండ పంపిర్రంటవు. అట్లాంటి సర్వీసు నడిచిన బండికి 1.3 ఎక్కువ.

రామగుండం_థర్మల్

సరే, గా ముచ్చటల నీదే పైచేయి. కానీ మోడ్స్ విలువ సున్నా అంటే మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

హన్మకొండ_హ్యాచ్

బెల్టు బిల్లు లేదు. టర్బో రెక్క ముందుకు ఎనకకు కదల్లే, గీతలు లేవు. నాలుగో గేర్ల 2,000 కాడ పూర్తిగ తొక్కి క్లచ్ కూడ చూసిన, రెవ్స్ లేస్తలేవు, స్పీడుతోటే పోతున్నయి. స్టాక్ స్ప్రింగులు, ఎయిర్‌బాక్స్ ఇంట్లనే ఉన్నయట. సైలెన్సర్, డౌన్‌పైప్, క్యాట్‌తో సహా ములుగుల వాళ్ళ మామగారింట్ల అటుక మీద ఉన్నయట. "ఉన్నయట" అంటున్న, కండ్లతోటి చూడలే.

నా మాట చెప్పిన: సామాను మొత్తం తెచ్చి ముందట పెడితే 5.3, బెల్టు ఖర్చు నాది. క్యాట్ దొరకకపోతే 4.8. ఆయన నవ్వి "ఆదివారం కరీంనగర్ పార్టీ వస్తున్నది తమ్మీ, 6.5 కు రెడీగ ఉన్నరు" అన్నడు. అమ్మెటోళ్ళు అందరూ చెప్పే ముచ్చటే కదా అని నేనూ నవ్వి వచ్చేసిన.

సున్నా_కట్ట

ఆ కరీంనగర్ పార్టీ ఎప్పుడూ ఉంటడు. ఇల్లు కొన్నా, బర్రె కొన్నా.

కరీంనగర్_నైట్‌రైడ్

నేనే అన్నా ఆ పార్టీ. ఆదివారం పది గంటలకు రమ్మన్నడు. నాకు ఫోన్‌ల "ఒక్క వంక లేదు" అన్నడు. ఆ పీవీసీ క్యాప్ ఏం సైజు తీసుకున్నవ్?